ముందు వెళ్లి అడిగేవాడి ఉద్యోగం

మా ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషులో పర్మిట్ మ్యాన్ అంటారు. భూమి లోపల చమురు, గ్యాస్ ఉన్నాయేమో చూసే సర్వే బృందం ఒక ఊరికి రాబోతుందంటే, వాళ్లకంటే ముందు ఆ ఊరు వెళ్లి, పొలం ఉన్నవాళ్లనీ తోట ఉన్నవాళ్లనీ కలిసి, "మీ చేలోంచి వెళ్తామండి, ఒప్పుకుంటారా?" అని అడగడమే ఆ పని. ముప్ఫై ఏళ్ల పైన నేను చేసింది ఇదే. నా పెళ్లిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం చేస్తాడండి?" అంటే మా నాన్న బడాయిగా "సర్వే ఆఫీసరండి" అన్నాడు. నన్నే అడిగి ఉంటే "ఊళ్లు తిరిగి జనాన్ని బతిమాలతానండి" అనేవాణ్ణి. సంబంధం తప్పిపోయేదేమో.

ఈమధ్య రాజమండ్రిలో ఒక కాలేజీలో జియాలజీ చదివే పిల్లలు మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. గోడ మీద ఓడలు నడిపినవాళ్లు, ధ్రువాలు చేరినవాళ్లు, చంద్రుడి మీద నడిచినవాళ్లు, అందరి బొమ్మలూ వరసగా అంటించారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మీరు కూడా ఎక్స్‌ప్లోరరే కదండీ?" అంది. నిడదవోలులో పుట్టి, ఉద్యోగమంతా నిడదవోలు నుంచి నరసాపురం దాకా తిరిగినవాణ్ణి. అయినా సిగ్గుపడకుండా "అవునమ్మా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గొడవ ఇందులో ఉండవు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే.

కుండని కొట్టి విన్నట్టు

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విని, బాగుందో పగులుందో చెప్తాం కదా, మా సర్వే కూడా అదే. పొలంలో బోరులాగా సన్నటి గుంత తవ్వుతారు. అడుగున కొంచెం పేలుడు మందు పెట్టి పేలుస్తారు. ఆ చప్పుడు భూమి లోపలికి దిగి, ఒక్కొక్క పొరకీ తగిలి వెనక్కి వస్తుంది. గట్టు వెంబడి వరసగా గుచ్చిన చిన్న చిన్న పరికరాలు దాన్ని వింటాయి. విన్నదంతా కాగితం మీద గీతలుగా అచ్చు వేస్తే, మైళ్ల లోతున ఉన్న పొరలు కనపడతాయి. మొదటిసారి ఆ పటం చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనం నాట్లు వేసే ఈ డెల్టా కింద పాత నదులు, పాత సముద్రపు ఒడ్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. వాటిని చూసిన మనిషి అంతకుముందు ఎవడూ లేడు.

అయితే ఒక చిక్కుంది. ఈ సర్వే తిన్నగా ఒక గీతలా సాగాలి. ఆ గీతకి అడ్డంగా ఏం ఉన్నా ఇంజనీరుకి అది 'అడ్డం' మాత్రమే. అరటితోటైనా, చర్చి ఆవరణైనా, ఎవరిదో పెరడైనా అంతే. నాకు మాత్రం అవన్నీ మనుషులు.

నరసాపురం దగ్గర ఒక వీధిలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంటే, మా పరికరాల వైర్లు వాళ్ల కాళ్ల ముందు నుంచి పోవాల్సి వచ్చింది. అడిగాను. వాళ్లలో పెద్దావిడ చేతిలో లేసు సూది ఆపకుండానే నన్ను కిందికీ పైకీ చూసి, "చంద్రుడి మీదకి వెళ్లినోళ్లు వెళ్లారు. సముద్రం అడుక్కి దిగినోళ్లు దిగారు. ఇంక మిగిలింది మా అరుగులేనేంటండి?" అంది. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాళ్లే పీటలు ఎత్తి పక్కకి పెట్టుకున్నారు. నవ్వించిన చోట పని సగం అయిపోయినట్టేనని ఆ రోజు అనుకున్నాను.

ఎర్ర గుడ్డలు

మా బృందం చేసిన తప్పుల్లో పెద్దది ఒకటి చెప్తాను. గీత పోయే దారిలో కొయ్యగూటాలు పాతి, కనపడాలని వాటికి ఎర్ర గుడ్డ కట్టేవాళ్లం. పొద్దున పాతిన గూటాలు మర్నాటికి ఉండేవి కావు. పీకి కాలవలో పారేసేవాళ్లు. అప్పటి మా సర్వేయరు కుర్రాడు వేరే రాష్ట్రం వాడు. పశువులు పీకుతున్నాయన్నాడు. ఎర్ర గుడ్డలు ఏరి పీకే పశువులు ఎక్కడివిరా బాబూ అని నేను వెళ్లి ఊళ్లో కూర్చున్నాను.

రెండు టీలు తాగాక ఒకాయన బయటపడ్డాడు. "రోడ్డు వేస్తారంట కదండీ మా చేలోంచి?" అన్నాడు. అప్పుడు వెలిగింది. మా వైపు పొలంలో ఎర్ర గుడ్డ కట్టిన గూటం పాతితే అది భూసేకరణ. పొలం పోయినట్టే లెక్క. ఆ గూటాలు పాతుతున్నప్పుడు ఎవరైనా నోరు విప్పి ఇదీ సంగతని చెప్తే ఈ గొడవే లేదు. మా సర్వేయరు చెప్పలేదు. అడిగినవాళ్లతో "గవర్నమెంట్ ఆర్డర్" అని మాత్రం అన్నాడట. ఇంకేముంది, తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటింటికీ వెళ్లి చెప్పుకునేసరికి పనంతా ఆలస్యమైంది. ఆ తర్వాత నేను లేకుండా గూటం పాతనివ్వలేదు.

నేగీగారు

మా సర్వే బృందానికి పెద్ద, పార్టీ చీఫ్ అంటారు, నేగీగారు గఢ్వాల్ కొండల మనిషి. ఆయన మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యమధ్య హిందీ. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. నేను పనిచేసిన పై అధికారుల్లో అంత తెలివైనవాడు ఇంకొకరు లేరు, అంత మొండివాడూ లేడు. సమయానికి అన్నం తినేవాడు కాదు, తిననిచ్చేవాడూ కాదు. నరసాపురం బయట ఒక రైస్ మిల్లు ఆవరణలో మా శిబిరం. సాయంత్రం పని దిగాక అక్కడ కుర్చీలు వేయించి మాకు అన్వేషకుల చరిత్ర చెప్పేవాడు.

చెప్పడం బ్రహ్మాండంగా చెప్పేవాడు. మనుషులు ఆఫ్రికా నుంచి నడుచుకుంటూ బయల్దేరి భూమంతా నిండిన వైనం, నక్షత్రాల్నీ అలల్నీ చూసుకుంటూ పసిఫిక్ దీవులకి పడవల్లో వెళ్లినవాళ్ల ధైర్యం, మంచులో కాళ్లు మొద్దుబారిపోయినా వెనక్కి తిరగనివాళ్ల పట్టుదల. "మనిషి కాలికి బలపం కట్టుకుని పుట్టాడు సత్యం, కనపడని చోటు ఉంటే కూర్చోలేడు" అని నన్ను పేరుపెట్టి పిలిచి చెప్పేవాడు. ఆయన మాటల్లో మేం కూడా ఆ వరసలో చివరవాళ్లం. బురదలో బోరు పైపులు మోసిన కూలీలతో సహా. వింటుంటే ఛాతీ ఉబ్బేది. నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగించిన మనిషి ఆయనే. అది ఎప్పుడూ ఒప్పుకుంటాను.

నాకు ఒకే ఒక్క వెలితి ఉండేది. ఆ కథల్లో ముందు వెళ్లి అడిగే నాలాంటివాడు ఎక్కడా వచ్చేవాడు కాదు.

చెరువు, రొయ్యలు

మొగల్తూరు అవతల మా గీత ఒక రొయ్యల చెరువు గట్టు వెంబడి పోవాలి. అప్పటిదాకా వచ్చిన పటాల ప్రకారం అన్నిటికంటే ఆశ ఉన్న చోటు అదేనని నేగీగారి నమ్మకం. పొరలు అక్కడ పైకి ఉబ్బినట్టు ఉన్నాయట, అలాంటి చోటే గ్యాస్ చేరుతుందట. చెరువు భీమవరంలో ఉండే ఒక భూస్వామిది. ఊళ్లో అందరూ రాజుగారనే అంటారు. వెళ్లి కలిస్తే కాఫీ ఇప్పించి, "దానికేవుందండీ, కానివ్వండి" అని ఒక్క ముక్కలో తేల్చారు. పనైపోయిందనుకుని వచ్చేశాను.

పేల్చే ముందు రోజు గట్టు మీదకి వెళ్లి అక్కడున్నవాళ్లకి ఒక మాట చెప్పి రావడం నా అలవాటు. వెళ్లేసరికి ఒకావిడ చెరువులోంచి మేత తట్ట పైకి లాగి, అందులో రొయ్యల్ని ఒక్కొక్కటీ వేళ్లతో ముట్టి చూస్తోంది. పేరు రూతమ్మ. చెరువు కౌలుకి తీసుకుంది ఆవిడే. భర్త చేపల లారీ మీద కలకత్తా వెళ్లి వస్తుంటాడు, సాగంతా ఈవిడదే. ముందు రెండు పంటలూ తెల్లమచ్చ తెగులుకి పోయాయి. ఇది మూడోది. ఇది కూడా పోతే చెరువు వేరేవాళ్లకి ఇచ్చేస్తానని రాజుగారు ముందే చెప్పారట. ఆయన చెడ్డవాడు కాదు, మా వైపు ఏ భూస్వామైనా అదే చెప్తాడు.

"రేపు ఈ పక్కన మందు పేలుస్తామండి. భయపడొద్దని చెప్పి వెళ్దామని వచ్చాను" అన్నాను.

ఆవిడ చేతిలో తట్ట అలాగే ఆగిపోయింది. "రేపాండి? అమావాస్యండి బాబూ! గుల్ల వదుల్తున్నాయి. ఈ నాలుగు రోజులూ గట్టు మీద పరిగెత్తొద్దని మా వాళ్లనే తిడుతున్నాను. మీరు మందు పేలుస్తానంటారేంటండీ?"

అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పాత గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల గట్టిపడేదాకా ఒంట్లో బలం ఉండదు. చిన్న అదురుకి కూడా తట్టుకోలేదని మా ప్రాంతంలో చెరువు ఉన్న ప్రతివాడూ చెప్తాడు. మా పేలుడికి నిజంగా చస్తాయా? ఏమో, ఎవరూ కొలిచి చూడలేదు. చావవని చెప్పగలిగినవాడు మాత్రం మా శిబిరంలో ఒక్కడూ లేడు.

"రాజుగారు సరేనన్నారమ్మా" అన్నాను.

"చెరువు రాజుగారిదండి. రొయ్యలు నావి" అంది.

కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. అప్పుడు తట్టింది నాకు. సరే అని చెప్పాల్సిన మనిషిని వదిలేసి, చెప్పగలిగిన మనిషి దగ్గర సరే తీసుకున్నాం. చట్టం ప్రకారం మా తప్పేం లేదు. అందుకే ఎవరికీ అది తప్పుగా కనపడలేదు.

"మిమ్మల్ని అడక్కుండా రేపు ఇక్కడ పేలదండి. నా మాట" అన్నాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

శిబిరానికి వెళ్లి చెప్తే నేగీగారు ఇంతెత్తున లేచాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం పడింది. రెండు మూడు రోజుల్లో వాన మొదలైతే గీత మొత్తం నీళ్లలో ఉంటుంది. ఆగడానికి లేదు. రేపు పేల్చాలి, లేదంటే ఆ చోటు వదిలేయాలి. వదిలేయాల్సింది మళ్లీ ఎక్కడో కాదు, ఆయన ఆశంతా పెట్టుకున్న చోటు.

"నీ పని పర్మిషన్ తేవడం. తెచ్చావు. ఇప్పుడు ఏంటిది?"

"తెచ్చిన చోటు తప్పండి."

"చట్టం ప్రకారం ఆయనే కదా?"

"చట్టం ప్రకారం ఆయనేనండి."

"మరి ఆవిడకి మాటివ్వడానికి నువ్వెవరు?"

అంతవరకూ ఆయనకి ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు మాత్రం నోరు ఆగలేదు. "సార్, మీరు రోజూ చెప్తారే, ఓడల్లో వెళ్లి కొత్త ఒడ్డున దిగినవాళ్ల కథలు. వాళ్లు అనుమతి ఎవరి దగ్గర తీసుకున్నారండి?"

"వాళ్ల రాజు దగ్గర. రాణి దగ్గర."

"ఇంటి దగ్గర తీసుకున్నారు. దిగిన ఒడ్డు మీద ఉన్నవాళ్లని అడగలేదు. అక్కడ చేపలు పట్టుకునేవాళ్లు ఉన్నారు, పంటలు వేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లని అడక్కుండా జెండా పాతేసి మాదే అన్నారు. మనం భీమవరం వెళ్లి అడిగి ఇక్కడ గుంత తవ్వుతున్నాం. నాకు రెండూ ఒకేలా కనపడుతున్నాయండి."

ఆయన మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఊడినా ఫరవాలేదని కూడా అనుకున్నాను. ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్తే, "ఆవిడకి మాటిచ్చారుగా, ఇంకెందుకు ఆలోచన?" అంది.

పొద్దున్నే ఇంటి ముందు జీపు హారన్ మోగింది. నేగీగారు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. "పద. చూపించు" అన్నాడు.

రూతమ్మగారు తట్టలోంచి ఒక రొయ్యని తీసి ఆయన అరచేతిలో పెట్టింది. కొండల్లో పెరిగిన మనిషి, బతికున్న రొయ్యని ఎప్పుడూ పట్టుకోలేదు. "గట్టిగా పట్టకండి సార్, ఒత్తుకుపోద్ది" అందావిడ. నేను హిందీలో చెప్పేలోపే ఆయనకి అర్థమైంది. తడి గుడ్డముక్కలా ఉన్న ఆ ప్రాణిని ఆయన చాలాసేపు చూసి, వంగి, తనే నీళ్లలో వదిలాడు. తర్వాత నా ద్వారా ఒకటే అడిగించాడు. ఎంత దూరంలో పేలిస్తే ఆవిడకి భయం లేదు?

ఆవిడ చెయ్యెత్తి చూపించింది. "ఆ కాలవకి అవతలైతే మీ ఇష్టమండి. ఈ పక్కకీ ఆ పక్కకీ కూడా, కాలవ దాటి."

అంతే. చెరువు వెంబడి తవ్వాల్సిన గుంతలన్నీ వదిలేశాం. రెండు వైపులా కాలవల అవతల పేల్చాం. అలా దూరం నుంచి పేలిస్తే లోతు పొరలు ఎలాగో వినపడతాయి గానీ పైపొరలు వినపడవు. ఆయనకి కావలసినవి ఆ పైపొరలే. తిరిగి వస్తూ జీపులో ఆయన ఒక సంగతి చెప్పాడు. హిమాలయాల్లో ఒక మహా శిఖరాన్ని మొదటిసారి ఎక్కినవాళ్లు, ఆ కొండని దేవతగా కొలిచే అక్కడివాళ్లకి మాటిచ్చి, చివరి కొద్ది అడుగులు ఎక్కకుండా ఆగి దిగిపోయారట. "చిన్నప్పటి నుంచి తెలుసు నాకు ఆ సంగతి. నిన్నటిదాకా అది ఓడిపోవడమనే అనుకున్నాను" అన్నాడు.

ఆ మర్నాడే వాన పట్టుకుంది. మేం సామాను సర్దుకుని వేరే గీత మీదకి వెళ్లిపోయాం. రూతమ్మగారి పంటకి ఇంకా నెల పైన ఉంది. రొయ్యలు పట్టే రోజున వచ్చి చూస్తానని ఆవిడతో చెప్పి వెళ్లాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి

ఇప్పుడు మీకు డ్రోన్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి. వైర్లు లేని పరికరాలు వచ్చాయి. కుర్చీలోంచి లేవకుండా ఊరంతా చూడొచ్చు. చూడండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పైనుంచి చూస్తే చెరువు కనపడుతుంది గానీ అందులో ఎవరి పంట ఉందో కనపడదు. దానికి మీరు గట్టు మీదకి రావాల్సిందే.

మీకు తెలియనిది తెలుసని చెప్పకండి. గ్యాస్ తీస్తే నేల కుంగిపోతుందా అని నన్ను ప్రతి ఊళ్లోనూ అడిగారు. తెలియదనే చెప్పాను. దాంతో కొందరు ఒప్పుకోలేదు కూడా. గ్యాస్ వల్ల మా ప్రాంతానికి మేలూ జరిగింది, కీడూ జరిగింది. ఆ లెక్క తేల్చేంత మొనగాణ్ణి కాదు. నా చేతిలో ఉన్నది అడగడం, అడిగాక వచ్చిన జవాబుని జవాబుగా తీసుకోవడం. కాదన్నప్పుడు కూడా. ముందే పని నిర్ణయమైపోయి, మర్యాద కోసం అడిగే అడగడం నాకు అసహ్యం. జనానికి అది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకొకటి. మీలో చాలామందికి మన కాలానికి వెతకడానికి ఏం మిగల్లేదన్న దిగులు ఉంది. ఆ కాలేజీలో కూడా విన్నాను. మనుషులు ఉన్న చోటికి, వాళ్ల మంచి చెడ్డలు తెలుసుకుంటూ వెళ్లడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. వేల ఏళ్లుగా తిరిగిన మనిషి ఈ ఒక్కటీ సరిగా నేర్చుకోలేదు. ఈ దారిలో మొదట నడిచినవాళ్లలో నేనూ ఉన్నానని గర్వంగా చెప్పుకుంటాను. ఆ అమ్మాయికి "అవును" అన్నది అందుకే.

బల్ల మీద పరిచిన పటం

కొన్ని నెలల తర్వాత పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన మా పని చూడటానికి రాజమండ్రి వచ్చాడు. మితభాషి. కోపిష్ఠి అని పేరు. పొడుగాటి బల్ల మీద మా పటాలన్నీ పరిచాం. ఆయన ఒక్కొక్క గీతనీ వేలితో తడుముతూ వచ్చి, మొగల్తూరు దగ్గర ఆగాడు. అక్కడ పటం పైభాగంలో గరాటు ఆకారంలో తెల్లగా ఖాళీ ఉంది. చుట్టూ అంతా నల్లటి గీతలు, మధ్యలో ఆ తెలుపు. దాచుదామన్నా దాగదు.

"ఇంకెక్కడా లేని ఖాళీ ఇక్కడే ఎందుకు వదిలారు? ఇక్కడ ఏముంది?" అన్నాడు.

నేగీగారు చెప్తాడనుకున్నాను. ఆయన నావైపు తిరిగి, "నువ్వు చెప్పు సత్యం. ఆ భాగం నీది" అన్నాడు.

చెప్పాను. అమావాస్య, గుల్ల, పోయిన రెండు పంటలు, కాలవ, నేనిచ్చిన మాట, అన్నీ. పాత పటాల్లో ఖాళీ ఉందంటే అక్కడ ఎవరున్నారో గీసినవాళ్లకి తెలియదని అర్థమనీ, ఇక్కడ ఎవరున్నారో మాకు తెలుసు కాబట్టే ఖాళీ వదిలామనీ చెప్పాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. నన్ను తిడతాడనో నేగీగారిని సంజాయిషీ అడుగుతాడనో అందరం ఎదురుచూస్తున్నాం. ఆయన ఆ తెల్లటి చోటు మీద వేలు అలాగే ఉంచి, "ఆవిడ పంట ఏమైంది?" అని అడిగాడు.

నా ఉద్యోగం మొత్తంలో పై ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు నన్ను ఎన్నో అడిగారు. గట్టు మీద ఉన్న మనిషి గురించి అడిగింది ఆయనొక్కడే.

"చేతికొచ్చిందండి" అన్నాను.